పదిహేడూ ముప్పై ఒకటీ

కృష్ణానగర్‌లో రెండో అంతస్తు.
కింద మిర్చిబజ్జీల నూనె కాగుతుంటే
పైన మా గదిలో హత్యలు వేగుతుంటాయి.

ఛానల్ వాళ్ళకి లెక్క కావాలట:
పదిహేడో ఎపిసోడ్ ఎందుకు ఆడింది,
ముప్పై ఒకటి ఎందుకు పడిపోయింది.
తెల్లారేసరికి ఒక పేజీ రాసిమ్మన్నారు.
రెండు తెరల మీద రెండు చావులు పెట్టుకుని
కూర్చున్నాను, చల్లారిన ఇరానీ చాయ్‌తో.

ఎడమ తెర, పదిహేడు.
జలీల్ భాయ్ భుజం మీది కెమెరా.
దబీర్‌పురా సందులో ఆయన ఉరుకుతుంటే
గోడలు కూడా రొప్పుతాయి.
కత్తి లేచి దిగేలోపు నలభై ఒక్క కోతలు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
తెగిన చెప్పు. కన్ను. నల్లా కింద బిందె. మళ్ళీ కన్ను.
లేచిన పావురాలు,
అవి వేరే రోజువి, మొజంజాహీ మార్కెట్ మీద తీసినవి.
కత్తి ఒంట్లో దిగినట్టు ఎక్కడా లేదు.
మా ఇంటి ఓనరమ్మ మాత్రం
"అంత నెత్తురు చూపిస్తరా?" అని నన్ను తిట్టింది.
ఆ తిట్టు ఇప్పటికీ దాచుకున్నాను.

కుడి తెర, ముప్పై ఒకటి.
అప్పటికి జలీల్ భాయ్ నడుము పోయింది,
మలక్‌పేటలో చెక్క మంచం మీద ఉన్నాడు.
బదులొచ్చిన ఏలియా మూడుకాళ్ళ స్టాండు దించి
ఒకసారి గురి చూసి
దూరంగా పోయి గోడకి ఆనుకుంటాడు.
వంటింటి గుమ్మం.
గచ్చు మీద చనిపోయినవాడి పాదాలు మాత్రమే.
ఇంకా సంగతి తెలియని తల్లిగా యాదమ్మ
అటు తిరిగి చేటలో బియ్యం ఏరుతుంటుంది.
యాభై రెండు సెకన్లు, ఒక్క కోత లేదు.
దొరికిన రాయిని వెలుగులో పెట్టి చూసి
కిటికీలోంచి విసిరేస్తుంది.
ఆ రాయి పడ్డ చప్పుడు కోసం
సంగీతం మొత్తం తీసేశాను.
ఇరవయ్యో సెకనుకే జనం ఛానల్ మార్చారు.
రాయి దాకా ఎవరూ లేరు.

రెండింట్లోనూ శవం ఒకడే, మా నర్సింగ్.
పదిహేడులో వాడి ఊపిరి కోతల మధ్య దాక్కుంది.
ముప్పై ఒకటిలో
ముప్పై ఏడో సెకను దగ్గర బొటనవేలు కదిలింది.
"చీమ మేడం, ఎంతసేపని ఓర్చుకోను?"
డైరెక్టర్ చూడలేదు.
నేను చూశాను, ఉంచేశాను.
ఎందుకో ఆ పేజీలో రాయలేను.

ఇంకొకటుంది, లెక్కలోకి రానిది.
ఏదో కథ కోసమని ఎవరో ఇచ్చిన పెన్ డ్రైవ్‌లో
బోరబండ దుకాణం ముందరి సీసీ కెమెరా.
పందొమ్మిది నిమిషాలు.
భుజం లేదు, స్టాండు లేదు, శబ్దం లేదు.
స్కూటర్ జారి ఒకాయన పడిపోతాడు.
ఆటో పక్కకి తిప్పుకుంటుంది.
పాల బండి ఆగి, చూసి, వెళ్తుంది.
ఇద్దరు పిల్లలు. ఒక కుక్క. ఒక పెళ్ళి కారు.
పదకొండో నిమిషంలో రోడ్డు ఊడ్చే ఆమె వచ్చి
చీపురు పక్కన పెట్టి
ఆయన తల దగ్గర కూర్చుంటుంది.
ఏమీ చెయ్యదు. కూర్చుంటుంది.

జలీల్ భాయ్ లాగా కోసి చూశాను.
ఏలియా లాగా వదిలి, చివర్న మాత్రం కోసి చూశాను.
ఎక్కడ కోసినా
వెళ్ళిపోయినవాళ్ళలో ఎవరో ఒకరు తప్పించుకుంటున్నారు.
ఫైలు మూసేశాను.

పేజీలో ఇలా రాశాను:
"ముప్పై ఒకటి నెమ్మది.
ఇకముందు ఏ షాటూ మూడు సెకన్లు దాటకూడదు."
కింద సంతకం, హేమనళిని, ఎడిటర్.

అయిదున్నరకి మెట్లు దిగాను.
బజ్జీల మూకుడు బోర్లించి ఉంది.
యూసుఫ్‌గూడ బస్‌స్టాపు బల్ల మీద
దుప్పటి కప్పుకుని ఎవరో.
బయటికి పాదాలు మాత్రమే.

బొటనవేలు చూస్తూ నిలబడ్డాను.
ఒక బస్సు వచ్చి వెళ్ళింది.
ఇంకొకటి కూడా.